క్యాంటీన్ పేరు మీద

మా ఆసుపత్రిలో నన్ను గేటమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, ఇప్పుడు ముఖం మీదే అంటున్నారు, నేనూ పలుకుతున్నాను. బయట గేటు దగ్గర నిలబడేది నేను కాదు. అక్కడ యూనిఫాం వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. నా గేటు కంటికి కనపడదు. ఎక్స్‌రే గది పక్కన, కిటికీ సరిగా మూసుకోని చిన్న గదిలో కూర్చుని దాన్ని కాస్తుంటాను.

సంగతేమిటంటే, ఈ కాలంలో ప్రతి విభాగానికీ ఒక యాప్ ఉంది. ప్రతి యాప్‌కీ ఏదో ఒక ఏఐ మోడల్‌తో పని ఉంది. ఒకటి ఉత్తరం రాయించుకుంటుంది, ఒకటి రిపోర్టును మామూలు మాటల్లోకి మార్పించుకుంటుంది, ఒకటి ఊరికే సలహా అడుగుతుంది. ఆ మోడళ్ళు, అంటే అడిగినదానికి జవాబు చెప్పే కంప్యూటర్ బుర్రలు, బయటెక్కడో ఉంటాయి. ఒకప్పుడు ఎవరికి వాళ్ళు, ఎటు వీలైతే అటు నుంచి వెళ్ళి అడిగేవాళ్ళు. ఏ యాప్ ఏ రోగి వివరాలు పట్టుకుని ఎక్కడికి పోతోందో అడిగే నాథుడు లేడు. అందుకని మధ్యలో ఒకే ఒక గేటు పెట్టారు. ఏ యాప్ అయినా సరే, ఆ గేటు దగ్గర ఆగి తానెవరో చెప్పుకోవాలి. చెప్పింది నిజమేనని తన కీ చూపించాలి. కీ అంటే ఇనుప ముక్క కాదు, అక్షరాలూ అంకెలూ కలగలిసిన నోరు తిరగని పొడుగాటి మాట. ఒక్కో యాప్‌కి ఒక్కో కీ. సరిపోతే లోపలికి వెళ్తుంది, లేకపోతే వచ్చిన దారినే పోతుంది.

కీలు ఇచ్చేది నేను. ఇచ్చే ముందు ప్రశ్నలు అడిగేదీ నేనే. ఈ యాప్ ఏం చేస్తుంది, దీనికి బాధ్యులెవరు, మోడల్‌ని ఏమడుగుతుంది, రోగి పేరు బయటికి పొక్కకుండా ఏం జాగ్రత్త తీసుకున్నారు. సగం మంది మొదటి ప్రశ్న దగ్గరే తడబడేవాళ్ళు. "అన్నీ చేస్తుందండీ" అన్నవాళ్ళని ఆ అన్నీ ఏమిటో ఆలోచించుకుని రమ్మని పంపేసేదాన్ని. వెళ్ళినవాళ్ళు మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. నాకు కోపం ఎక్కువని పేరు. అది శుద్ధ అబద్ధం. నాకు ఓపిక తక్కువ, అంతే.

ఇక మా బాబాయి. మా నాన్నకి తమ్ముడు, ఆసుపత్రి క్యాంటీన్‌కి పెద్ద. నాకు సొంత బాబాయి, ఆసుపత్రికంతటికీ ఉమ్మడి బాబాయి. తల నెరిసిన సర్జన్ గారు కూడా "బాబాయ్, ఇవాళేంటి?" అనే పలకరిస్తారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన నోట వినని మాట ఒకటుంది. అది 'లేదు' అన్న మాట. గిన్నెలు కడిగేశాక వచ్చినవాడితో కూడా "ఉండు, చూస్తాను" అంటాడు గానీ లేదనడు. తన పళ్ళెంలోది తీసి వాడికి పెట్టి, తాను బిస్కెట్లు నమిలి సరిపెట్టుకుంటాడు.

గేటు కొత్తగా పెట్టినప్పుడు ముందుగా ఎవరి యాప్‌తో పరీక్షించి చూడాలని పెద్ద చర్చే జరిగింది. తేడా వస్తే ప్రాణాల మీదికి రాని చోటు కావాలి. అందరూ ఒక్క గొంతుతో "క్యాంటీన్" అన్నారు. అలా మొట్టమొదటి కీ మా బాబాయికి దక్కింది. పరీక్ష కదా అని దానికి హద్దులేమీ పెట్టలేదు. ఏ మోడల్‌నైనా, ఎంతైనా అడగవచ్చు. పరీక్ష అయిపోయాక దానికి హద్దులు బిగించాలని నేను చెబుతూనే ఉన్నాను, పైవాళ్ళు వచ్చే మీటింగులో చూద్దామంటూనే ఉన్నారు.

బాబాయి యాప్ చేసే పని చిన్నదే. క్యాంటీన్ నుంచి వెళ్ళే ప్రతి ట్రేలోనూ, రోగులదైనా మాదైనా, ఒక చీటీ ఉంటుంది. ఇదివరకు ఆ చీటీ మీద 'ఉప్పు లేదు, తీపి లేదు, నూనె లేదు' అని డైటీషియన్ మాట అచ్చయి వచ్చేది. అది చదివితే ఉన్న ఆకలి కూడా చచ్చిపోయేది. పళ్ళేలు ముట్టుకోకుండానే వెనక్కి వచ్చేవి. పళ్ళెం వెనక్కి వస్తే బాబాయి ముఖం చూడలేం. అందుకని ఆ యాప్‌కి ఒక పని అప్పజెప్పాడు. తినకూడనిదేదో, ట్రేలో ఉన్నదేదో మోడల్‌కి చెప్పడం, ఆ సంగతినే నవ్వుతూ చెప్పించడం. రోగి పేరు ఇవ్వదు, జబ్బు పేరు ఇవ్వదు. 'ఉప్పు సెలవు పెట్టి వెళ్ళింది. వచ్చేదాకా దాని పని నిమ్మకాయ చూసుకుంటుంది. కొత్త ఉద్యోగి కదా, కాస్త సర్దుకుపోండి' అని ఒకరి ట్రేలో వచ్చింది. ఆ వారం నుంచి పళ్ళేలు ఖాళీగా తిరిగి రావడం మొదలైంది. ఇంటికి వెళ్ళే రోగులు చీటీలు దాచుకుని మరీ పట్టుకెళ్ళేవాళ్ళు.

"మన సూపు కంటే మన చీటీకే గిరాకీ ఎక్కువైందమ్మడూ" అని మురిసిపోయేవాడు బాబాయి.

ఒక సోమవారం పొద్దున పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిపించారు. ఆసుపత్రిని నడిపేది ఆవిడే. ఆవిడకి నవ్వడం వచ్చని అంటారు గానీ చూశామన్నవాళ్ళు ఇంతవరకు నాకు తగల్లేదు. బల్ల మీద నా గేటు పంపిన పటం ఉంది. ఏ యాప్ మోడళ్ళని ఎంత వాడుకుందో అందులో రంగు గీతల్లో తెలుస్తుంది. అన్ని గీతలూ నేలకి కరుచుకుని ఉన్నాయి. ఒక్కటి మాత్రం కాగితం చించుకుని పైకి పోయేలా ఉంది.

"ఇదేంటి?" అన్నారు.

"క్యాంటీన్, మేడమ్."

"ఎక్స్‌రేల కంటే, రక్తపరీక్షల కంటే సూపుకి ఎక్కువ తెలివి కావాలా?"

చీటీలకి అంత అవసరం ఉండదని నాకూ తెలుసు.

"ఏమడుగుతోందో చూడలేవా?"

"ఏమడిగారన్నది గేటు దాచుకోదు మేడమ్, రోగుల సంగతులు కదా. ఎవరి కీతో వచ్చారు, ఎంత వాడారు, అంతవరకే. యాప్‌లన్నీ ఒకే సర్వర్‌లో కాపురం ఉంటాయి కాబట్టి నా వైపు నుంచి చూస్తే అందరూ ఒకే గుమ్మంలోంచి వస్తున్నట్టు ఉంటుంది. కీ ఏ పేరు చెబితే అదే పేరు."

"అంటే ఆ కీ ఎవరి చేతికి చిక్కిందో తెలీదన్నమాట. బయటివాళ్ళ చేతికి కూడా పోయి ఉండొచ్చు." ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "శుక్రవారం మధ్యాహ్నానికి తేల్చు. తేలకపోతే క్యాంటీన్ యాప్ మూసేద్దాం. చీటీ లేకపోయినా సూపు గొంతు దిగుతుంది."

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద సర్కులర్ అంటించేశారు. 'మనందరి నమ్మకాన్ని పదిలంగా కాపాడుకునే ప్రయత్నంలో భాగంగా, ఎంతో ఆలోచించిన మీదట, క్యాంటీన్ యాప్ భవిష్యత్తుపై శుక్రవారం నిర్ణయం తీసుకోబోతున్నామని తెలియజేయడానికి విచారిస్తున్నాము.' చదివి ఆశ్చర్యపోయాను. పెద్ద డాక్టరమ్మ మాట ఇంత మెత్తగా ఎప్పటి నుంచి మారిందో అర్థం కాలేదు.

మర్నాడు భోజనానికి కూర్చుంటే గుట్టు నా ట్రేలోకే నడిచి వచ్చింది. చీటీ తీసి చూశాను. 'సూపు, బ్రెడ్డు, ఉడికించిన కూరగాయలు.' దాని కింద అక్షరాలూ అంకెలూ కలగలిసిన పొడుగాటి మాట. సూపు చల్లారనిచ్చి, చీటీ పట్టుకుని తిన్నగా వంటగదిలోకి వెళ్ళాను. బాబాయి స్టూలు మీద కూర్చుని క్యారెట్లకి చెక్కు తీస్తున్నాడు.

"ఇదేంటి బాబాయ్?"

ఆయన చీటీ చూసి నాలుక కరుచుకున్నాడు. "అయ్యయ్యో, ట్రే మారిపోయిందే!"

"ఎవరి ట్రే?"

"ఎవరిదో ఒకరిది."

"కీ రాసి ట్రేలో పెట్టి పంపుతున్నావా?"

"అంత పొడుగు మాట నోటితో చెబితే వాళ్ళు తప్పు రాసుకుంటున్నారమ్మా. అందుకని చీటీ మీద అచ్చు వేయించి బ్రెడ్డు పక్కన పెడుతున్నాను. పద్ధతి ప్రకారమే ఇస్తున్నానులే."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నేను గేటు దగ్గర ఇన్ని తాళాలు వేసుకుని కూర్చుంటే, ఈయన కీని కూరగాయలతో కలిపి వడ్డిస్తున్నాడు.

"ఎవరెవరికి ఇచ్చావు?"

"మొదట ఒక్కరే అడిగారు. ఈ ఒక్కసారికే అన్నారు. ఆకలేసినవాడు కూడా ఒక్కసారికే అంటాడు, మళ్ళీ ఆకలేస్తుంది కదా! ఆయన ఇంకొకరికి చెప్పాడు. వాళ్ళు పాపం నీ దగ్గరికి రావాలంటేనే హడలిపోతున్నారు. ప్రశ్నలడుగుతావంటగా."

"అడగకపోతే గేటెందుకు? సరే, పేర్లు చెప్పు. నేను పెద్ద డాక్టరమ్మకి చెప్పేస్తాను, నీ యాప్ నీకు మిగులుతుంది."

"చెప్పను."

"చీటీలు ఆగిపోతాయి బాబాయ్. శుక్రవారమే."

చెక్కు తీస్తున్న చెయ్యి ఆగింది. "పిల్లల వార్డులో ఒక బుజ్జిది ఉందమ్మడూ. చీటీ చదివితే గానీ చెంచా పట్టుకోదు. 'ఉప్పు సెలవు నుంచి ఎప్పుడొస్తుంది' అని చీటీ వెనకాల రాసి పంపుతుంది నాకు." ఇంకో క్యారెట్ అందుకున్నాడు. "పోతే పోనీలే. నమ్మి అడిగినవాళ్ళని నేను పట్టించలేను" అన్నాడు. ఆ మాట అంటూ క్యారెట్‌ని చెత్తబుట్టలో వేసి, చెక్కుని గిన్నెలో వేశాడు.

అది చూసి నాకు ఒళ్ళు మండింది. కోపం మాత్రం ఆయన మీద కాదు, ఆయన మంచితనాన్ని బ్రెడ్డులోకి నంజుకు తిని మూతి తుడుచుకుని కూర్చున్నవాళ్ళ మీద. ఏం చేసైనా సరే, చీటీలు ఆగకూడదు, బాబాయి నోటి నుంచి ఒక్క పేరు కూడా రాకూడదు అనుకున్నాను.

ఆ సాయంత్రం బాబాయి వాళ్ళింటికి వెళ్ళాను. మేముండేది ఒకే బిల్డింగులో, పైనా కిందా. వాళ్ళింటి తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. పిన్ని వంటింట్లో కుర్చీ మీద కుర్చీ వేసి, దాని మీదెక్కి బల్బు మారుస్తోంది.

"నిచ్చెన ఏమైంది పిన్నీ?"

"మన నిచ్చెన మన ఇంటికి చుట్టపుచూపుగా వస్తుందమ్మా. ఇప్పుడు ఎవరింట్లో విడిది చేసిందో మీ బాబాయికే తెలియాలి. ఆయన చెప్పరు."

జరిగిందంతా చెప్పాను. బాబాయి వార్తలు చూస్తున్నట్టు నటిస్తూ చెవులు ఇటే పడేశాడు. పిన్ని కుర్చీ దిగి చేతులు దులుపుకుంది.

"ఈయన చేత చెప్పించడం నీ వల్ల కాదు. పోయిన ఏడాది మన వైఫై నత్తలా నడిచింది, గుర్తుందా? ఎవరెవరికి ఇచ్చారండీ అంటే నోరు విప్పితే ఒట్టు. నేను గుట్టు చప్పుడు కాకుండా పాస్‌వర్డ్ మార్చేశాను. అంతే! బిల్డింగు బిల్డింగంతా మన గుమ్మంలో ఉంది. కింది అంతస్తు పళ్ళ డాక్టరు నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చాడు."

కీ మార్చడం నాకు తెలియని విద్య కాదు, నా ఉద్యోగమే అది. ఇంతవరకు ఎందుకు మార్చలేదంటే, ఆ కీ చాటున ఎవరున్నారో తెలియకుండా ఆపేస్తే ఏ రోగి పని మధ్యలో ఆగిపోతుందోనన్న భయం. ఆ భయం తీర్చుకోవడానికి బుధ, గురువారాలు ఆసుపత్రి అంతా కాలికి బలపం కట్టుకుని తిరిగాను. ఆపరేషన్ థియేటర్, ఐసీయూ, మందుల గది, ల్యాబు, ఎక్స్‌రే. ఆగితే ప్రాణం మీదికి వచ్చే ప్రతి యాప్‌నీ నా కళ్ళ ముందు నడిపించి చూశాను. అన్నిటికీ సొంత కీలున్నాయి, అన్నీ సొంత పేరుతోనే గేటు దాటుతున్నాయి. వాళ్ళకి నా ప్రశ్నలంటే భయం లేదు, వాళ్ళు రోజూ అంతకంటే పెద్ద ప్రశ్నలే పడతారు. క్యాంటీన్ చాటున దాక్కున్నవాళ్ళెవరైనా సరే, మనుషుల ప్రాణాలతో పని లేనివాళ్ళేనని మనసు కుదుటపడింది.

అయినా చెప్పాపెట్టకుండా ఆపడం మర్యాద కాదు. సర్కులర్ పక్కనే నేనూ ఒక నోటీసు అంటించాను. 'శుక్రవారం భోజనాల వేళ క్యాంటీన్ కీ మారుతుంది. దాన్ని వాడుకుంటున్నవారు ఈలోగా వచ్చి సొంత కీ తీసుకోవాలి.' అందరూ ఆగి చదివారు. చదివి, అయ్యో పాపం అనుకుని, తమది కాని గొడవ అన్నట్టు వెళ్ళిపోయారు. లాండ్రీ సూపర్‌వైజర్ అయితే నన్ను ఆపి మరీ అడిగాడు.

"ఎవరమ్మా ఇలా పరాయి కీలు వాడుకునేది? సిగ్గుండక్కర్లేదా మనుషులకి?"

గురువారం పొద్దుపోయే ముందు వాళ్ళింట్లోనే బాబాయికి అసలు సంగతి చెప్పాను. "కొత్త కీ నీ చేతికివ్వను బాబాయ్. నేరుగా నీ యాప్‌కే అందేలా గేటు లోపల పెడతాను. నీకు కూడా కనపడదు."

"మరి ఎవరైనా వచ్చి అడిగితే?"

"లేదని చెప్పు. నిజమే కదా!"

బాబాయి బిక్కమొహం వేశాడు. "ఆ మాట నాకు రాదే అమ్మడూ."

"ఈ వయసులో కంప్యూటర్ నేర్చుకున్నారు. రెండక్షరాల మాట నేర్చుకోలేరా?" అంది పిన్ని వంటింట్లోంచి.

శుక్రవారం పొద్దున్నే పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, మూసేముందు ఒక్కసారి క్యాంటీన్‌కి వచ్చి భోజనం చేయమని అడిగాను. ఆవిడ ఎప్పుడూ గదిలోనే తింటారు, ఆ గదికి వెళ్ళే ట్రేలోంచి చీటీని ఆవిడ సెక్రటరీ చిత్తుకాగితం అనుకుని తీసి పారేస్తుంది. "సరే, ఏం చూపిస్తావో చూపించు" అన్నారు. వచ్చి, హాలు మధ్యలో ఉన్న లావుపాటి స్తంభం వెనకాల కూర్చున్నారు. తలుపు వైపు నుంచి చూస్తే అక్కడ ఎవరున్నారో కనపడదు. నేను పక్క బల్ల మీద నా ల్యాప్‌టాప్ పెట్టుకుని, పాత కీ రద్దు చేసి కొత్తది ఎక్కించాను. బాబాయి యాప్ రెప్ప కూడా వేయలేదు. ట్రేల మీద చీటీలు వస్తూనే ఉన్నాయి.

బాబాయి స్వయంగా ఆవిడకి ట్రే తెచ్చిపెట్టాడు. ఆవిడ చీటీ తీసి కళ్ళజోడు సర్దుకున్నారు. 'తీపి గారు మీటింగులో ఉన్నారు. ఎప్పుడు ముగుస్తుందో వారికే తెలియదు. అంతవరకు ఆపిల్ ముక్క మిమ్మల్ని కలుస్తుంది.' మళ్ళీ ఒకసారి చదివారు. పెదవి ఒక పక్కకి కదిలింది గానీ ఆవిడ దాన్ని వెంటనే సర్దేశారు. చీటీని మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నారు.

అప్పుడు తలుపు ధడాలున తెరుచుకుంది. వచ్చింది లాండ్రీ సూపర్‌వైజర్.

"బాబాయ్! మన కీ చచ్చిపోయింది. దుప్పట్ల యాప్ మొరాయిస్తోంది. కొత్తది ఇటు పడేయ్, త్వరగా!"

ఆయన మాట ముగియకుండానే ఫిజియోథెరపీ ఆయన వచ్చాడు, వ్యాయామాల బొమ్మల కింద వివరాలు రావడం లేదట. ఆయన వెనకే తోటమాలి, ఏ మొక్కకి ఎప్పుడు నీళ్ళు పోయాలో చెప్పే యాప్ మూగబోయిందని. తోటమాలి వెనక పార్కింగ్ ఆయన.

"నీకెందుకయ్యా ఏఐ?" అన్నాడు లాండ్రీ ఆయన, వెనక్కి తిరిగి.

"దారికి అడ్డంగా బండి పెట్టినవాళ్ళకి చీటీ రాయించడానికి. నేనే రాస్తే అందులో మర్యాద ఉండదు."

చూస్తుండగానే కౌంటరు ముందు వరస తలుపు దాటింది. రోగులకి పుస్తకాలిచ్చే ఆవిడ, ఉద్యోగుల సెలవులు చూసే ఆయన, నా ముందు ఎప్పుడూ పెద్దమనుషుల్లా తిరిగేవాళ్ళందరూ వరసలో ఉన్నారు. ఎవరికి వాళ్ళు తామొక్కరే అనుకుంటూ వచ్చినవాళ్ళు, ముందున్నవాడిని చూసి "నువ్వూనా?" అంటున్నారు. నాకు లోపల పండగలా ఉంది. బాబాయికి మాత్రం చెమటలు పడుతున్నాయి. ఒక్కొక్కరికీ "ఉండు, ఉండు" అంటున్నాడు. ఆ రెండక్షరాల మాట గొంతు దాకా వచ్చి అక్కడే అడ్డం పడుతోంది.

అందరినీ తోసుకుంటూ ఒకమ్మాయి ముందుకొచ్చింది. పెద్ద డాక్టరమ్మ సెక్రటరీ.

"బాబాయ్, నన్ను ముందు పంపించెయ్యి. మేడమ్ సర్కులర్ సగంలో ఆగిపోయింది. ఆవిడ భోజనం చేసి వచ్చేలోగా పంపకపోతే నా పని అయిపోతుంది!"

"ఏ సర్కులర్?" అని స్తంభం వెనక నుంచి వినిపించింది.

పెద్ద డాక్టరమ్మ చేతిలో చెంచాతోనే లేచి నిలబడ్డారు. వరసలో ఉన్నవాళ్ళలో కొందరు గోడల వైపు తిరిగి మెనూ చదవడం మొదలుపెట్టారు. పారిపోవడానికి దారి లేదు, తలుపు దగ్గర పార్కింగ్ ఆయన అడ్డంగా నిలబడ్డాడు.

"అదీ... మేడమ్..." సెక్రటరీ నీళ్ళు నమిలింది. "మీరు చెప్పింది చెప్పినట్టు పెడితే చదివినవాళ్ళు ఏడుస్తున్నారని... కాస్త మెత్తగా రాయించుకుంటున్నానండీ."

"ఎప్పటి నుంచి?"

"చాలా రోజుల నుంచి మేడమ్."

"అయితే సోమవారం సర్కులర్? క్యాంటీన్ యాప్ మూసేస్తామన్నది?"

ఆ అమ్మాయి తల వంచుకుంది. "అది కూడా క్యాంటీన్ పేరు మీదే వెళ్ళింది మేడమ్."

అప్పుడు ఆ హాలులో ఎవరూ ఎన్నడూ వినని చప్పుడు వినిపించింది. పెద్ద డాక్టరమ్మ నవ్వుతున్నారు. మామూలుగా కాదు, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ, స్తంభాన్ని పట్టుకుని నవ్వుతున్నారు. ముందు తోటమాలి నవ్వాడు, తర్వాత అందరూ అందుకున్నారు. లాండ్రీ ఆయన మాత్రం ఎందుకైనా మంచిదని ఫిజియోథెరపీ ఆయన చాటున నవ్వాడు.

"సరే" అన్నారు ఆవిడ ఊపిరి పీల్చుకుని. "దొంగలందరం ఇక్కడే ఉన్నాం, నాతో సహా. క్యాంటీన్ యాప్ ఎక్కడికీ పోదు. బాబాయ్, ముందు మా ఆఫీసుకి ఆ కొత్త కీ ఇప్పించు. సర్కులర్ వెళ్ళాలి."

ఆవిడ తమాషాకి అడిగారో నిజంగానే అడిగారో ఇప్పటికీ నాకు తెలియదు. అడిగింది ఆసుపత్రికే పెద్ద. బాబాయి నా వైపు చూశాడు. కీ ఆయన దగ్గర లేదు గానీ, "అమ్మడూ, ఇచ్చెయ్యవే" అని ఆయన అంటే ఇంతమందిలో నేనేం చెయ్యను? ఆయన గరిటె కింద పెట్టాడు, చేతులు ఏప్రాన్‌కి తుడుచుకున్నాడు.

"లేదమ్మగారూ" అన్నాడు.

"లేదా?"

"లేదండీ. నా దగ్గర లేదు. ఉన్నా ఇవ్వను." గొంతు సన్నగా వచ్చింది గానీ మాట మాత్రం గట్టిగానే వచ్చింది. "అది ఆ చీటీలది. అందరికీ పంచబట్టే కదా వాటి పీక మీదికి వచ్చింది! మీకు కావాలంటే అదిగో, మా అమ్మడు ఇస్తుంది. నాలుగు ప్రశ్నలడుగుతుంది. భయపడకండి, మంచిపిల్లే."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి ల్యాప్‌టాప్ మీదికి వంగాను.

వరస మొత్తం కౌంటరు ముందు నుంచి నా బల్ల ముందుకి మళ్ళింది. నా గదికి రావడానికి హడలిపోయినవాళ్ళు సూపు వాసన మధ్య ఎంచక్కా జవాబులు చెప్పారు. నేనూ అక్కడ కాస్త నెమ్మదిగానే అడిగానేమో. దుప్పట్లకి ఒక కీ, మొక్కలకి ఒకటి, వ్యాయామాలకి ఒకటి. ఎవరి పనికి ఎంత కావాలో అంతే హద్దు. ఇక నుంచి వారం వారం భోజనాల వేళ క్యాంటీన్‌లోనే కూర్చుంటానని నోటితో అనేశాను, అన్నాక వెనక్కి తీసుకోలేకపోయాను. పార్కింగ్ ఆయనని 'బాధ్యులెవరు' అని అడిగితే "తప్పుగా బండి పెట్టినవాడే" అన్నాడు. సరిగా చెప్పమని వెనక్కి పంపాను.

పెద్ద డాక్టరమ్మ తోటమాలి వెనక నిలబడి, తన వంతు వచ్చాక సెక్రటరీతో పాటు నా ఎదురుగా కూర్చున్నారు.

"ఈ యాప్ ఏం చేస్తుందండీ?" అన్నాను, అందరినీ అడిగినట్టే.

సెక్రటరీ ఆవిడ ముఖంలోకి చూసింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు.

"నన్ను మర్యాదస్తురాలిని చేస్తుంది" అన్నారు. "అలాగే రాసుకో."

అలాగే రాసుకున్నాను.

అందరూ వెళ్ళేసరికి నా నోరు ఎండిపోయింది, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. బాబాయి ట్రే తెచ్చి నా ముందు పెట్టాడు. ముఖంలో ఇంకా కంగారు తగ్గలేదు.

"పెద్ద డాక్టరమ్మకి లేదన్నానే! ఆవిడకి! మీ పిన్నికి చెబితే నమ్ముతుందంటావా?"

"నేను సాక్ష్యం చెప్తాలే బాబాయ్."

"నిచ్చెన మాత్రం వేరు సుమా. అడిగితే ఇచ్చేస్తాను."

"ఇచ్చెయ్" అన్నాను. ఆయన తేలిగ్గా నవ్వి గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయాడు. పిల్లల వార్డు నుంచి ఖాళీ పళ్ళెంతో వచ్చిన చీటీని తలుపు పక్కన మేకుకి గుచ్చి, వెనక్కి తిప్పి చదువుకుంటున్నాడు.

నా ట్రేలో కూడా చీటీ ఉంది. ఈసారి యాప్ రాసింది కాదు. పొట్టి పెన్సిలుతో, బాబాయి గుండ్రటి చేతిరాతలో ఉంది. 'సూపు ఉంది' అని మొదటి వరస. 'బ్రెడ్డు ఉంది' అని రెండోది. మూడో వరసలో 'కీ' అన్న మాట పక్కన ముందు 'చూస్తాను' అని రాసి, దాన్ని కొట్టేసి, 'లేదు' అని రాశాడు.